ఐదేళ్లు భీమవరం నుంచి పనిచేశాక హైదరాబాద్ రమ్మంటున్నారు: మానేయాలా, వెళ్లాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీకు ఏడేళ్ల అనుభవం. అందులో ఐదేళ్లకు పైగా భీమవరంలో సొంతింటి మేడ మీద గదిలో కూర్చునే పనిచేశారు. రేటింగ్ ఏ సంవత్సరమూ తగ్గలేదు. ఇప్పుడు కంపెనీ వచ్చే క్వార్టర్ నుంచి వారానికి నాలుగు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకు రావాల్సిందే అంటోంది. మీ భార్యదీ సాఫ్ట్‌వేరే, వేరే కంపెనీ. నాలుగు నెలల పాప. ఆమె ప్రసూతి సెలవు ఇంకో నెలన్నరలో అయిపోతుంది. "పనిలో లోటు లేనప్పుడు ఎందుకు రమ్మంటున్నారు? మానేసి రిమోట్ ఉద్యోగం వెతుక్కోనా?" అని అడిగారు.

మానేయొద్దు. వెళ్లండి, కానీ ఇల్లు మొత్తం సర్దుకుని వెళ్లొద్దు. నాలుగు రోజుల్ని మూడు చేయించుకోండి. అది దొరికే అవకాశం మీరనుకుంటున్న దానికంటే ఎక్కువే ఉంది, అడిగే పద్ధతిలో అడిగితే.

నేను 2003 నుంచి హైదరాబాద్‌లో ఇదే ఫీల్డ్‌లో ఉన్నాను. పదేళ్లుగా డెలివరీ, అంటే క్లయింట్ ప్రాజెక్టులు అందించే పని, చూస్తున్నాను. అంటే మీకు వచ్చినలాంటి మెయిళ్లు అందుకున్నాను, పంపాల్సిన ఖర్మ కూడా పట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు ముందు రోజు మా వాళ్ల డెస్క్‌టాప్‌లను ఆఫీసు క్యాబ్‌లలోకి ఎక్కించింది కూడా నేనే. ఒకమ్మాయి మానిటర్‌ను చున్నీలో చుట్టుకుని పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "రెండు వారాలే కదా సార్" అంది. ఆ మానిటర్ మూడేళ్లకు తిరిగొచ్చింది.

ముందు మీ మొదటి ప్రశ్న. "పని తగ్గలేదు కదా" అన్న మాట నిజమే. కానీ దానితో ఎవరినీ ఒప్పించలేరు. 2022లో నేను మా టీం తరఫున మూడు పేజీల మెయిల్ రాశాను. రిలీజ్‌లు ఎన్ని, డిఫెక్టులు ఎన్ని, క్లయింట్ ఇచ్చిన మార్కులు ఎన్ని, అన్నీ గ్రాఫులు వేసి పంపాను. పైనుంచి వచ్చిన జవాబు ఒక్క ముక్క: "చూశాం, థాంక్స్." తర్వాత ఆ నిర్ణయాలు జరిగే మీటింగుల్లో నేనే కూర్చున్నాక అర్థమైంది, అక్కడ స్క్రీన్ మీద ఉండేది పని లెక్క కాదు. ఏ ఫ్లోర్‌లో ఎన్ని సీట్లు, వాటిలో ఎన్ని నిండాయి, లీజు ఎప్పటిదాకా ఉంది, ఇదీ ఉండేది. దాని పక్కన మాటల్లో రాని ఇంకో లెక్క ఉంటుంది: కొంతమంది తమంతట తామే వెళ్లిపోతే మంచిదే అన్నది. అన్ని కంపెనీల సంగతీ ఇంతే అనను. నేను కూర్చున్న గదుల్లో మాత్రం దీన్ని ఎవరూ పైకి అనలేదు, ఎవరూ కాదనలేదు.

అపనమ్మకం కూడా ఉంది. 2022 సెప్టెంబర్‌లో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకు కూడా చాటుగా పనిచేస్తున్న 300 మందిని తీసేశామని బహిరంగంగా చెప్పారు. మూన్‌లైటింగ్ అన్న మాట అప్పటిదాకా మా హెచ్‌ఆర్ వాళ్ల నోట కూడా పెద్దగా వినలేదు. ఆ తర్వాత కెమెరా ఆఫ్‌లో ఉన్న ప్రతివాడూ అనుమానితుడే అయ్యాడు. మూడు వందల మంది చేసినదానికి లక్షలమందిని చూసే చూపు మారింది.

ఇదంతా ఒక్క మీ కంపెనీలోనే అనుకోకండి. 2025 నాటికి పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో చెప్పిన టీసీఎస్సే, 2023 అక్టోబర్ నుంచి ఐదు రోజులూ రమ్మంది. తర్వాతి ఏడాది వేరియబుల్ పేకి (జీతంలో మారుతూ ఉండే భాగానికి) హాజరును ముడిపెట్టింది. విప్రో 2023 నవంబర్ నుంచి వారానికి మూడు రోజులంది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులు. అన్నిటికంటే నాకు నవ్వొచ్చింది జూమ్ సంగతి. ప్రపంచాన్నంతా వీడియో కాల్‌లో కూర్చోబెట్టిన ఆ కంపెనీ కూడా 2023లో, ఆఫీసుకు యాభై మైళ్ల లోపు ఉన్నవాళ్లు వారానికి రెండు రోజులు రావాలంది. కాబట్టి ఈ కంపెనీ మానేసి ఇంకో కంపెనీకి వెళ్తే తప్పించుకోవచ్చన్న ఆశ పెట్టుకోకండి. అక్కడా ఏడాదికో రెండేళ్లకో ఇదే మెయిల్ వస్తుంది.

సెజ్‌ల (ప్రత్యేక ఆర్థిక మండలాల) గొడవ కూడా కొంత ఉంది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు చాలా క్యాంపస్‌లు సెజ్‌లే. అక్కడ ఇంటి నుంచి పని అంటే కంపెనీ ఒక్కటే ఒప్పుకుంటే సరిపోదు, ప్రభుత్వ నియమాలూ ఒప్పుకోవాలి. 2022 జులైలో ప్రత్యేకంగా ఒక నియమం తెచ్చి సగం మందికి, అదీ ఏడాది వరకే అనుమతించారు. ఆ డిసెంబర్‌లో దాన్ని అందరికీ పెంచారు. మీ హెచ్‌ఆర్ ఎప్పుడైనా "రూల్స్ ఒప్పుకోవు" అన్నారంటే అది పూర్తిగా సాకే అనలేం.

ఇక మీరు ఒప్పుకోవడానికి ఇష్టపడని విషయం. 2021లో మా టీంలోకి ఒక కుర్రాడు ఫ్రెషర్‌గా వచ్చాడు. పార్వతీపురం దగ్గర పల్లె. లాప్‌టాప్ కొరియర్‌లో వెళ్లింది, మేమెవరం అతన్ని చూడలేదు. సిగ్నల్ కోసం డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేవాడట. రోజూ పొద్దున స్టాండప్‌లో (టీం చిన్న మీటింగులో) "వర్క్ ప్రోగ్రెస్‌లో ఉంది సార్" అనేవాడు. నాలుగో రోజు నాకు అనుమానమొచ్చి ఫోన్ చేసి స్క్రీన్ చూపించమన్నాను. కాన్ఫిగ్ ఫైల్‌లో పాత డేటాబేస్ అడ్రస్ ఉంది. అంతే. ఐదు నిమిషాల పని. నాలుగు రోజులు ఆ ఎర్రటి ఎర్రర్‌ను చూస్తూ కూర్చున్నాడు. "ఎవర్నైనా అడగొచ్చుగా" అంటే, "అందరూ బిజీ అని చూపిస్తోంది సార్, పింగ్ చేస్తే విసుక్కుంటారేమోనని" అన్నాడు. ఆఫీసులో అయితే వాడి మొహం చూసి మొదటి గంటలోనే పక్క సీటువాడు కుర్చీ జరుపుకుని వచ్చేవాడు. తప్పు వాడిది కాదు, నాది.

మీరు 2018లో చేరారు కదా. మొదటి రెండేళ్లు ఆఫీసులోనే ఉన్నారు. పక్కవాడి స్క్రీన్ చూసి నేర్చుకున్నది, క్యాంటీన్‌లో సీనియర్ క్లయింట్‌ను తిట్టుకుంటూ చెప్పిన కథల్లో తెలిసింది, ఆ పెట్టుబడి మీదే ఈ ఐదేళ్లూ ఇంటి నుంచి నడిపారు. ఇప్పుడు మీ కింద ఇద్దరు జూనియర్లు ఉన్నారని రాశారు. వాళ్లకా రెండేళ్లు ఎవరిస్తారు?

మీకు కూడా నష్టం ఉంది, అది ఇప్పుడిప్పుడే కనబడదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ అమెరికా ఉద్యోగులు 61 వేల మంది మెయిళ్లు, కాల్స్, చాట్‌ల సరళిని పరిశీలించి 2021లో ఒక పేపర్ వేశారు. ఇంటి నుంచి పని మొదలయ్యాక మనుషులు తమ గుంపులో వాళ్లతోనే ఎక్కువ మాట్లాడుకున్నారు, వేరే గ్రూపులతో రాకపోకలు తగ్గాయి. ఏడేళ్ల దగ్గర మీ తర్వాతి మెట్టు లీడ్. అది ఇవ్వాలా వద్దా అని కూర్చునే గదిలో మీ మేనేజర్ ఒక్కడే మిమ్మల్ని ఎరిగుంటాడు. మిగతా నలుగురికి మీరొక గుండ్రటి ఫొటో.

అలాగని ఆఫీసును నెత్తిన పెట్టుకునేవాణ్ని కాదు. పోయిన నెల ఒక మంగళవారం సంగతి చెప్తాను. ఇంట్లో తొమ్మిదిన్నరకు బయల్దేరితే పదీ నలభై ఐదుకు సీట్లో పడ్డాను. సీటంటే నాది కాదు, యాప్‌లో బుక్ చేసుకున్నది. మా ఫ్లోర్‌లో ఖాళీ లేక ఆరో అంతస్తులో, ఎవరో తెలియని ఫైనాన్స్ వాళ్ల మధ్య దొరికింది. హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లోకి వెళ్లాను. ఒకరు పుణెలో, ఒకరు చెన్నైలో, మూడోవాడు ఇదే బిల్డింగ్ నాలుగో అంతస్తులో. మీటింగ్ రూమ్ దొరకలేదు కాబట్టి వాడూ కాల్‌లోనే. సాయంత్రం వాన. బయోడైవర్సిటీ జంక్షన్ దాటడానికే నలభై నిమిషాలు. ఆ రోజు నేను ఆఫీసులో చేసిన పనిలో ఇంట్లో చేయలేనిది ఏదీ లేదు, లిఫ్ట్ దగ్గర ఒక పాత కొలీగ్ కనబడ్డం తప్ప.

అందుకే మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న: మీ టీంలో గచ్చిబౌలిలో నిజంగా ఉండేది ఎంతమంది? సగం మంది పుణెలోనో ఆన్‌సైట్‌లోనో ఉంటే, మీ చేతిలో ఉన్న గట్టి వాదన అదే. అందరూ అక్కడే ఉంటే మాత్రం వాదన మానేసి రోజుల సంఖ్య మీద బేరమాడండి.

బేరానికి పనికొచ్చే ఆధారం ఒకటి ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ ఒకే చైనా ట్రావెల్ కంపెనీలో రెండుసార్లు పరీక్ష చేశారు. మొదటిది కాల్‌సెంటర్ వాళ్లమీద, తొమ్మిది నెలలు, వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి. పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఇంత బాగుంది కదా అని తర్వాత ఎవరిష్టం వాళ్లకు వదిలేస్తే, ఇంటి నుంచి చేసినవాళ్లలో సగం మంది మళ్లీ ఆఫీసుకే వస్తామన్నారు. ఒంటరితనం. పైగా పనికి తగ్గట్టు ప్రమోషన్లు రాలేదు. రెండోది 1,600 మందికి పైగా ఉద్యోగులమీద, ఇంజినీర్లు కూడా ఉన్నారు. మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. రేటింగులు, ప్రమోషన్లు ఏమీ తగ్గలేదు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, ముఖ్యంగా ఆడవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు. పరీక్షకు ముందు పెదవి విరిచిన మేనేజర్లే తర్వాత అభిప్రాయం మార్చుకున్నారు. మీరు అడగాల్సింది ఆ మూడు-రెండే. పూర్తి రిమోట్ అడిగితే మొదటి వాక్యంలోనే తలుపు మూసుకుపోతుంది.

ఎలా అడగాలంటే, మెయిల్ పెట్టకండి, ముందు మాట్లాడండి. మా టీంలో నేను గ్రాఫులు పంపిన ఏడాదే ఒకతను నా దగ్గరికి వచ్చి, "సార్, నాన్నకు డయాలసిస్, ఆగస్టు దాకా మంగళ, బుధ, గురువారాలు వస్తాను, మిగతా రెండు రోజులు ఇంటి నుంచి, ఆగస్టు తర్వాత మీరు చెప్పినట్టు" అన్నాడు. పైకి ఒక్క ఫోన్ చేశాను, అయిపోయింది. మేనేజర్‌కు పాలసీ మార్చే అధికారం ఉండదు, కానీ మినహాయింపుకు సిఫారసు చేసే అధికారం దాదాపు ప్రతి చోటా ఉంటుంది. దానికి కారణం, తేదీ రెండూ కావాలి. మీ దగ్గర కారణం ఉయ్యాల్లో ఉంది. "పాపకు ఏడాది నిండేదాకా" అని తేదీ చెప్పండి. ఆయన సరేనన్నాక ఆ మాటే రెండు లైన్లలో మెయిల్ పెట్టి రికార్డు చేసుకోండి. ఇదంతా గడువుకు ముందే జరగాలి. గడువు దాటి రెండు వారాలు రాకుండా ఉండి అప్పుడు అడిగితే అది మినహాయింపు కాదు, ధిక్కారం.

మధ్యలో తెలివితేటలు వద్దు. కార్డు గీకి, కాఫీ తాగి, పదకొండున్నరకు బయటపడే పద్ధతి రెండేళ్ల కిందట నడిచింది. ఇప్పుడు చాలాచోట్ల లోపలికి వస్తూ కార్డు గీకిన టైముకు, బయటికెళ్తూ గీకిన టైముకు మధ్య గంటలు లెక్కేస్తున్నారు.

మూడు రోజులని నేను పట్టుబడుతున్నదానికి ఇంకో కారణం రైలు. సోమ నుంచి గురువారం దాకా నాలుగు రోజులైతే ఆదివారం రాత్రి బయల్దేరాలి, హైదరాబాద్‌లో మూడు రాత్రులు పడుకోవాలి. ఆదివారం రాత్రి గోదావరి జిల్లాల నుంచి వచ్చే ఏ రైల్లో బెర్తు దొరుకుతుందో మీకు తెలుసు. అదే మంగళ, బుధ, గురువారాలైతే సోమవారం రాత్రి ఎక్కి తెల్లారి లింగంపల్లిలో దిగొచ్చు. అక్కడి నుంచి గచ్చిబౌలి దగ్గరే. గురువారం రాత్రి తిరుగు రైలు. హైదరాబాద్‌లో ఉండేది రెండే రాత్రులు. దానికి ఫ్లాటెందుకు? హాస్టల్‌లో ఒక మంచం చాలు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాతలాగా 120 కాదు. కాబట్టి రెండు నెలల సోమవారాలు, గురువారాలు ఒకేసారి పట్టేయొచ్చు. వారానికి రెండు రాత్రులు బెర్తు మీద పడుకోవడం నడుముకు మంచిది కాదు, కలకాలం చేసే పనీ కాదు. ఆరు నెలలు చేయొచ్చు. ఆ ఆరు నెలల్లో మీకే తెలుస్తుంది.

కుటుంబాన్ని వెంటనే ఎందుకు మార్చొద్దంటున్నానంటే, ఈ పాలసీలు ఏడాదికోసారి మారుతున్నాయి. అక్కడ అమ్మానాన్నల సాయంతో పెరుగుతున్న పాపను తీసుకొచ్చి, కేపీహెచ్‌బీలో అద్దెకు దిగి, మీరు రోజుకు రెండున్నర గంటలు రోడ్డు మీద ఉంటే, నాలుగు రోజులకు పది గంటలు. ఏడాదికి సెలవులు పోను 480 గంటలు. తొమ్మిది గంటల పనిదినాల్లో చూస్తే యాభై మూడు రోజులు. దీనికి జీతం రాదు. మెట్రో ఉందిగా అంటారేమో, అది రాయదుర్గంతో ఆగిపోతుంది. అక్కడి నుంచి గచ్చిబౌలికైనా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కైనా మళ్లీ షటిలో ఆటోనో వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు మీ భార్య విషయం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆమె సెలవు ఎప్పుడు అయిపోతుందో రాశారు, ఆమె ఏమనుకుంటోందో ఎక్కడా రాయలేదు. పైన నేను వేసిన రైలు లెక్కలో వారానికి నాలుగు రాత్రులు పాప ఏడుపు ఆమె ఒక్కతే చూసుకోవాలి. ముందు ఆమెతో కూర్చోండి. ఆవిడ వద్దంటే నా సలహా మొత్తం పక్కన పెట్టేయండి.

ఆమెకు పనికొచ్చేవి రెండున్నాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ సెలవును 26 వారాలకు పెంచడంతో ఆగలేదు. పని స్వభావం ఒప్పుకుంటే, సెలవు తర్వాత కూడా కంపెనీ, ఉద్యోగిని కుదుర్చుకున్న షరతులమీద ఇంటి నుంచి పనిచేయనివ్వచ్చని రాసింది. 2025 నవంబర్ నుంచి ఆ నియమాలు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నాయి. అది హక్కు కాదు, అంగీకారం మీద ఆధారపడేది. అయినా "మా దగ్గర అలాంటిదేమీ లేదు" అనే హెచ్‌ఆర్‌కు చూపించడానికి పనికొస్తుంది. రెండోది, యాభై మంది అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం ఇవ్వాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. చాలా కంపెనీల్లో ఇది అడిగినవాళ్లకే కనబడుతుంది. సెలవు అయిపోయే రోజు కాదు, ఇప్పుడే రాతపూర్వకంగా అడగమనండి. మహిళలకు వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు పెంచుతామని చంద్రబాబు 2025 ఫిబ్రవరిలో చేసిన ప్రకటన మీ ఇంట్లోవాళ్లు చూసే ఉంటారు. అది ప్రభుత్వ ఉద్దేశం. ఆమె కంపెనీ మెడలు వంచేది కాదు.

చివరిగా మీ రిమోట్ ఉద్యోగం ఆలోచన. వెతకండి, నేను వద్దనను. చేతిలో ఆఫర్ లేకుండా మాత్రం రాజీనామా పెట్టకండి. మూడు నెలల నోటీసులో ఉన్న మనిషి, రెండు ఈఎంఐలు, నాలుగు నెలల పాప, ఇది బేరమాడే స్థితి కాదు. వచ్చిన ఆఫర్‌లో కూడా "ఫుల్లీ రిమోట్" అని రిక్రూటర్ ఫోన్‌లో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకండి. లెటర్‌లో బేస్ లొకేషన్ అన్న చోట ఏముందో చూడండి. అక్కడ ఊరి పేరు ఉంటే ఏదో ఒక రోజు ఆ ఊరు రమ్మంటారు. మీ 2018 లెటర్ తీసి చూడండి, హైదరాబాద్ అనే ఉంటుంది. ఈ ఐదేళ్లూ మీరు దాన్ని హక్కు అనుకున్నారు, వాళ్ల కాగితాల్లో అది సర్దుబాటు. పర్మనెంట్ కాకుండా థర్డ్ పార్టీ పేరోల్ మీద వచ్చే రిమోట్ కాంట్రాక్టులైతే పీఎఫ్, ఇన్సూరెన్స్ విడిగా అడగండి. పాప ఉన్న ఇంట్లో ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క నెల కూడా ఉండొద్దు.

మీ ఆఫీసు గచ్చిబౌలి సర్కిల్ దగ్గరా, లేక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లోపలా? జనం రెండింటినీ గచ్చిబౌలి అనే అంటారు. పొద్దున లింగంపల్లిలో దిగి నేరుగా లాగిన్ అయ్యేవాడికి మాత్రం తేడా చాలా ఉంటుంది. చెప్పండి, హాస్టల్ ఎటువైపు చూసుకుంటే మంచిదో రాస్తాను.